టెక్సస్‌లో చిన్న తెలుగు కిరాణా కొట్టు పెట్టాలంటే: వీసా నుంచి వినాయకచవితి పత్రి దాకా

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. అందుకే కొట్టు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా గిరాకీ గురించి ఆలోచిస్తారు. గిరాకీ వస్తుంది. చిన్న కొట్లు మూతపడేది ఎక్కువగా వేరే కారణాలతో: తలుపు తీయకముందే పెట్టిన సంతకాల వల్ల, కూలర్‌లో కుళ్లిపోయిన కూరగాయల వల్ల. కాబట్టి ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

మనసులో పెట్టుకున్న కొట్టు సుమారు 2,000 చదరపు అడుగులది. బియ్యం, పప్పులు, కూరగాయలు, ఫ్రోజెన్, కొంచెం పూజా సామాన్లు. వంటగది లేదు, మాంసం కోత లేదు. మొదటి ఏడాది ఆ రెండూ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం. వాటికి వేరే సింకులు, డ్రెయిన్లు, గ్రీజ్ ట్రాప్, ఎగ్జాస్ట్ కావాలి. సిటీ అనుమతులకే నెలలు పడతాయి, ఆ నెలల్లోనూ అద్దె నడుస్తూనే ఉంటుంది.

మొదటి అడుగు: గల్లా దగ్గర ఎవరు కూర్చోవచ్చో తేల్చుకోండి

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచేయాలి. కొట్టులో పెట్టుబడి పెట్టొచ్చు, లాభంలో వాటా తీసుకోవచ్చు. కానీ శనివారం సాయంత్రం రద్దీగా ఉందని బిల్లు కొట్టడం, బియ్యం బస్తాలు దించడం, డిస్ట్రిబ్యూటర్‌కు ఆర్డర్ చెప్పడం పని కిందికే వస్తాయి. జీతం తీసుకోవడం లేదన్న మాట అక్కడ చెల్లదు. డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పనిని ఉచితంగా చేసినా అది పనే. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న కుటుంబం ఈ చిన్న సాయం వల్ల చిక్కుల్లో పడకూడదు.

2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం సొంత కంపెనీ ద్వారా కూడా హెచ్-1బీ తీసుకునే వీలుంది. అయితే ఉద్యోగం ప్రత్యేక నైపుణ్యం, డిగ్రీ అవసరమైనది అయి ఉండాలి, మొదటి అనుమతి 18 నెలలకే ఇస్తారు. కిరాణా కౌంటర్ ఆ లెక్కలోకి రాదు. ఈ-2 ఇన్వెస్టర్ వీసాకు అమెరికాతో ఒప్పందం ఉన్న దేశపు పౌరసత్వం కావాలి. ఇండియాకు ఆ ఒప్పందం లేదు. కెనడా, బ్రిటన్ లేదా ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు మాత్రం ఆ దారి ఉంది.

మనవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చే దారి హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బీ వ్యక్తి భార్యకు లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి కార్డు. 2015 మే 26 నుంచి ఇది ఉంది. హెచ్-1బీ వ్యక్తికి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదం వచ్చి ఉంటే సాధారణంగా దొరుకుతుంది. ఈ కార్డు ఉన్నవాళ్లు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో వచ్చినవాళ్ల జీవిత భాగస్వామికి (ఎల్-2) ఐ-94లో, అంటే దేశంలోకి వచ్చిన రికార్డులో, ఎల్-2ఎస్ అని ఉంటే వేరే కార్డు అక్కర్లేకుండానే పని అనుమతి ఉన్నట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈఏడీ రెన్యువల్‌కు దరఖాస్తు పెడితే పాత కార్డు దానంతటదే పొడిగించబడే సౌకర్యం ఇదివరకు ఉండేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు దాన్ని తీసేశారు. గడువు తీరేలోపు కొత్త కార్డు చేతికి రాకపోతే ఆ రోజు నుంచి కౌంటర్ వెనక నిలబడకూడదు. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, ఆ మొదటి వారంలోనే పెట్టేయండి. ఆ విరామంలో కొట్టు నడిపే గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉన్న మేనేజర్ ఒకరిని ముందే చూసి పెట్టుకోండి. హెచ్-1బీ ఉన్న భార్య లేదా భర్త ఉద్యోగం పోతే హెచ్-4 కూడా దానితోపాటే కదులుతుంది. ఈ సంగతి లీజు దగ్గర మళ్లీ వస్తుంది.

లీజు మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. ఎవరి పేరు మీద ఎంత వాటా, ఎవరు మేనేజర్, ఎవరు చెక్కుల మీద సంతకం పెడతారు అన్నవి కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.

కంపెనీ, పన్ను కాగితాలు

ఇది అందరూ భయపడే భాగం, నిజానికి ఉన్నవాటిలో తేలికైనది. టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర ఫారం 205తో ఎల్‌ఎల్‌సీ నమోదు చేయాలి, ఫీజు 300 డాలర్లు. కొట్టు అప్పులు మీ సొంత ఆస్తి దాకా రాకుండా ఆపే కంపెనీ రకం ఇది. తర్వాత ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఈఐఎన్, అంటే కొట్టు పన్ను నంబర్, తీసుకోండి. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు ఏదైనా అది ఐఆర్‌ఎస్‌ది కాదు. ఈఐఎన్ వచ్చాక బ్యాంకు ఖాతా. ఇంటి ఖాతా నుంచి ఒక్క డాలర్ కూడా కొట్టు ఖర్చుకు నేరుగా వాడొద్దు. ఎల్‌ఎల్‌సీ ఇచ్చే రక్షణ అలాగే పోతుంది.

పన్ను తగ్గుతుందని ఎస్-కార్ప్ అనే పన్ను హోదా ఎంచుకోమని కొందరు సలహా ఇస్తారు. పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్ అయినవాళ్లు ఎస్-కార్ప్‌లో వాటాదారుగా ఉండకూడదు. వాటా ఉన్నవాళ్లు ఇండియాకు తిరిగి వెళ్లిపోతే ఆ హోదా మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంది. వీసా మీద ఉన్న కుటుంబాలు సీపీఏను, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ను, అడగకుండా ఆ గడి టిక్ పెట్టకూడదు.

సేల్స్ టాక్స్ పర్మిట్ రాష్ట్ర పన్నులు చూసే టెక్సస్ కంప్ట్రోలర్ ఇస్తారు, దానికీ ఫీజు లేదు. రాష్ట్రానికి 6.25 శాతం, స్థానికంగా గరిష్ఠంగా మరో 2 శాతం, కలిపి చాలా ఊళ్లలో 8.25. బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, నూనె మీద పన్ను లేదు. కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, అగరబత్తి, ప్రెషర్ కుక్కర్, సబ్బు, తలనూనె, వేడిగా తినడానికి ఇచ్చే సమోసా మీద ఉంది. బిల్లింగ్ సిస్టమ్‌లో సరుకు ఎక్కించేటప్పుడే ఒక్కోదానికి పన్ను ఉందో లేదో గుర్తు పెట్టాలి. తర్వాత సరిచేద్దామని వదిలేస్తే రెండు తప్పులు జరుగుతాయి. పప్పు మీద పన్ను వేసి గిరాకీని పోగొట్టుకుంటారు, కుక్కర్ మీద వేయక ఆడిట్‌లో జేబులోంచి కడతారు. నెల నెలా కట్టేవాళ్లకు గడువు తర్వాతి నెల 20. ఆ డబ్బు మీది కాదు, ప్రభుత్వానిది. వేరే ఖాతాలో వేసి ఉంచండి. డిస్ట్రిబ్యూటర్లకు రీసేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 01-339 ఇస్తే వాళ్లు మీ దగ్గర పన్ను వసూలు చేయరు.

చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ గ్యారంటీ ఇచ్చే లోన్లను వీసా మీద ఉన్నవాళ్లు లెక్కలో వేసుకోవద్దు. 2025 నుంచి యజమానుల పౌరసత్వ నిబంధనలు ఇంకా బిగిసాయి. సొంత డబ్బు, భాగస్వాముల డబ్బు మీదే ప్రణాళిక వేసుకోండి.

లీజు: అయిదేళ్ల అప్పు అనుకుని చదవండి

స్ట్రిప్ మాల్‌లో అద్దెను చదరపు అడుగుకు, ఏడాదికి చెబుతారు. దానిమీద ట్రిపుల్ నెట్ అని ఇంకో అంకె ఉంటుంది. భవనం ఆస్తిపన్ను, బీమా, పార్కింగ్ వగైరా నిర్వహణ ఖర్చులో మీ వాటా అది. ఉదాహరణకు అద్దె 28 డాలర్లు, ట్రిపుల్ నెట్ 11 అనుకుందాం. 2,000 అడుగులకు ఏడాదికి 78,000, నెలకు 6,500. బోర్డు మీద 28 చూసి నెలకు 4,667 అనుకున్నవాళ్లు మొదటి నెలే దెబ్బతింటారు. పైగా రెండో అంకె స్థిరం కాదు. టెక్సస్‌లో ఆస్తిపన్ను పెరిగితే అదీ పెరుగుతుంది. గత మూడేళ్ల ట్రిపుల్ నెట్ లెక్కలు అడిగి తీసుకోండి. నిర్వహణ ఖర్చు ఏడాదికి ఇంత శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి రాయించండి.

కొత్త కొట్టుకు ల్యాండ్‌లార్డ్ పర్సనల్ గ్యారంటీ, అంటే కొట్టు కట్టలేకపోతే మీరే కడతారన్న హామీ, అడగడం మామూలే. ఎల్‌ఎల్‌సీ పెట్టినా ఈ ఒక్క సంతకంతో మీ ఇల్లు, మీ పొదుపు లైన్‌లోకి వచ్చేస్తాయి. ఇందాక చెప్పిన వీసా సంగతి ఇక్కడ తగులుతుంది. అయిదేళ్లకు పూర్తి గ్యారంటీ ఇచ్చి, రెండో ఏడాది చివర ఉద్యోగం పోయి ఇండియా వెళ్లాల్సి వస్తే మిగతా మూడేళ్ల అద్దె మీ మీద ఉంటుంది. పై లెక్క ప్రకారం 2,34,000 డాలర్లు. దీన్ని తగ్గించుకునే దారులు ఉన్నాయి, అడగాలంతే. మూడేళ్ల లీజు, ఆపైన పొడిగించుకునే హక్కు రెండుసార్లు. గ్యారంటీ మొత్తం కాకుండా ఆరు నెలలదో ఏడాదిదో అద్దెకు పరిమితం. సమయానికి కడుతూ పోతే ఏటేటా తగ్గే ఏర్పాటు. కొట్టును మరొకరికి అప్పగించే హక్కు, అప్పగించాక పాత యజమానికి విడుదల. ఈ చివరిది తప్పకుండా ఉండాలి.

అద్దె మొదలయ్యే తేదీ మరో గొయ్యి. సంతకం రోజు నుంచి 60 రోజులు ఉచితం అంటే బాగానే వినిపిస్తుంది. సిటీ ప్లాన్ రివ్యూ, కూలర్ బిగింపు, హెల్త్ ఇన్‌స్పెక్షన్, సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ (భవనాన్ని వాడుకోవచ్చని సిటీ ఇచ్చే పత్రం) అన్నీ ఆ 60 రోజుల్లో అవడం అరుదు. అద్దె ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ వచ్చాక’ మొదలయ్యేలా రాయించండి. ఒప్పుకోకపోతే కనీసం నాలుగైదు నెలల వెసులుబాటు తీసుకోండి.

ఇంకో నాలుగు విషయాలు లాయర్‌తో లీజులో వెతికించండి. వాడకం అన్నచోట ‘గ్రోసరీ’ అని మాత్రమే ఉంటే రేపు టిఫిన్ కౌంటర్ పెట్టలేరు. కూరగాయలు, ఫ్రోజెన్, ప్యాక్ చేసిన ఆహారం, తయారుచేసిన ఆహారం, పూజా సామాగ్రి అని విడివిడిగా రాయించండి. అదే మాల్‌లో ఇంకో దక్షిణాసియా కిరాణా రాకుండా ప్రత్యేక హక్కు అడగండి. పైకప్పు మీది ఏసీ యూనిట్ ఎవరిదో చూడండి. చాలా లీజుల్లో రిపేరే కాదు, కొత్తది కొనడం కూడా అద్దెదారు నెత్తినే ఉంటుంది. యూనిట్ వయసు ఎంతో మెకానిక్‌తో పరీక్ష చేయించండి. టెక్సస్ జులైలో ఏసీ ఆగితే కూలర్లూ ఆగినట్టే. చివరగా కరెంటు. వాక్-ఇన్ కూలర్ (లోపలికి నడిచి వెళ్లే చల్లని గది), ఫ్రీజర్లు, ఏసీ కలిపి ఎంత లోడ్ పడుతుందో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించి, ప్యానెల్ దాన్ని మోస్తుందా, త్రీ-ఫేజ్ ఉందా అని సంతకానికి ముందే తేల్చుకోండి. తర్వాత ప్యానెల్ మార్చడం వేల డాలర్ల పని.

సిటీ అనుమతులు, సామాను

కూలర్ కొనకముందు ఫ్లోర్ ప్లాన్ గీయించి సిటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వండి. ఈ వరుస తప్పితే కొన్న సామాను తిరిగి అమ్ముకోవాలి. చేతులు కడుక్కునే సింకు, తుడుపుకర్ర సింకు, పాత్రలు లేదా స్కూపులు కడిగేచోట మూడు గదుల సింకు అడుగుతారు. టెక్సస్ నిబంధనల ప్రకారం ఒక సర్టిఫైడ్ ఫుడ్ మేనేజర్ ఉండాలి. మిగతా పనివాళ్లు చేరిన 30 రోజుల్లోపు ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చేయాలి.

సరుకు తూచి అమ్మే తక్కెడ ఎన్‌టీఈపీ గుర్తింపు, అంటే వ్యాపారానికి పనికొస్తుందన్న జాతీయ ధ్రువీకరణ, ఉన్నదే కొనండి. దాన్ని టెక్సస్ లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్ దగ్గర నమోదు చేయాలి. ఆన్‌లైన్‌లో 40 డాలర్లకు దొరికే తక్కెడతో దొండకాయలు తూచి అమ్మడం చట్టవిరుద్ధం. బిల్లింగ్ మెషీన్‌తో కలిసి పనిచేసే తక్కెడ అయితే గల్లా దగ్గర ధర తప్పులు పోతాయి.

ఇక కూలర్. చాలామంది డబ్బు పోగొట్టుకునే తప్పు ఒకటే: ఒకే వాక్-ఇన్ తీసుకుని 36 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెట్టి అన్నీ అందులో దూర్చడం. పెరుగు, పనీర్, ఇడ్లీ పిండి, కోసిన పండ్లు చట్టప్రకారం 41 డిగ్రీలు, అంటే 5 సెల్సియస్, లేదా అంతకన్నా తక్కువలో ఉండాలి. కొత్తిమీర, పుదీన, తోటకూర, గోంగూర లాంటి ఆకులకు ఆ చలి సరిపోతుంది. బెండకాయకు 45 నుంచి 50 కావాలి, అంతకన్నా చల్లబడితే గుంటలు పడి నల్లమచ్చలు వస్తాయి. వంకాయ, దోసకాయ, బీరకాయ, సొరకాయలకు 50కి పైన ఉండాలి. చలి తగిలిన వంకాయ కూలర్‌లో ఉన్నంతసేపు బాగానే కనిపిస్తుంది, బయటపెట్టిన మర్నాడే గోధుమరంగు తిరిగి మెత్తబడుతుంది. నేరం సరుకుదని డిస్ట్రిబ్యూటర్‌తో గొడవపడతారు, తప్పు కూలర్‌ది.

కాబట్టి రెండు చోట్లు ఏర్పాటు చేయండి. ఒకటి 36-38 డిగ్రీల వాక్-ఇన్. రెండోది 50 చుట్టూ ఉండే చిన్న గది లేదా వేరే కూలర్. రెండోదానికి డబ్బు లేకపోతే కాయగూరల్ని ఏసీ బాగా తగిలే వెనక గదిలో పెట్టి రెండు రోజుల సరుకే తెప్పించండి. మామిడి, అరటి, టమాటా మాగేటప్పుడు ఇథిలిన్ అనే వాయువు వదులుతాయి, దానివల్ల ఆకుకూరలు పసుపురంగుకు తిరిగిపోతాయి. వాటిని ఒకే గదిలో పెట్టొద్దు.

సరుకు ఎక్కడ కొనాలి

మొదట్లో ఇండియా నుంచి నేరుగా దిగుమతి ఆలోచన వద్దు. దిగుమతిదారుగా పేరు పడితే విదేశీ సప్లయర్ తనిఖీ కార్యక్రమం, ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు, పరీక్షల ఖర్చు మీ మీద పడతాయి. హ్యూస్టన్, డాలస్, న్యూజెర్సీ దిగుమతిదారుల దగ్గర కొంటే ఆ బాధ్యత వాళ్లది. కనీసం ఇద్దరి దగ్గర ఖాతా తెరవండి. 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇక్కడి దుకాణాల ముందు వరుసలు కట్టారు, కొన్నిచోట్ల కుటుంబానికి ఒక్క బస్తా అన్నారు. ఒకే సప్లయర్‌ను నమ్ముకుంటే అలాంటి వారం మీ అరలు ఖాళీగా ఉంటాయి. అలాంటప్పుడు ధర రెట్టింపు చేసిన కొట్టును జనం చాలాకాలం మరిచిపోరు. 2025 ఆగస్టు 27 నుంచి ఇండియా సరుకులో చాలావాటి మీద సుంకం 50 శాతానికి చేరింది, తర్వాత మళ్లీ మారింది. ప్రతి ఇన్‌వాయిస్‌ను పాతదానితో పోల్చి, అదే రోజు అమ్మకం ధర సరిచేసే అలవాటు చేసుకోండి.

డిస్ట్రిబ్యూటర్ల క్యాటలాగులో ఉత్తరాది సరుకు ఎక్కువ. మన గిరాకీ వెతికేది వేరు: సోనా మసూరి 20 పౌండ్ల బస్తా, మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ, గుంటూరు కారం, కంది పొడి, రాగి పిండి, జొన్న పిండి, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు, చింతపండు. బియ్యం మీద పెద్దగా మిగలదు. కానీ బియ్యం, కందిపప్పు, గోధుమపిండి, పాలు ఈ నాలుగింటి ధర అందరికీ నోటికి వచ్చు. అవి పోటీ ధరలో పెట్టి, పొడులు, పచ్చళ్లు, స్నాక్స్, పూజా సామాన్ల మీద సంపాదించుకోండి. ఒకే రకానికి అయిదు బ్రాండ్లు పెట్టొద్దు, రెండు చాలు.

పప్పులు, రవ్వల్లో పురుగు పట్టడం ఇక్కడ కూడా ఉంది. బస్తాలు నేల నుంచి ఆరు అంగుళాల ఎత్తున, గోడకు ఆనకుండా పెట్టాలి. పాత సరుకు ముందు అమ్ముడవ్వాలి. వచ్చిన తేదీని మార్కర్‌తో ప్రతి బస్తా మీదా పెద్దగా రాయండి. ఒక రవ్వ ప్యాకెట్‌లో సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఆ అర మొత్తం ఖాళీ చేసి వాక్యూమ్ పట్టాల్సిందే.

పెద్ద బస్తా విప్పి చిన్న ప్యాకెట్లు కడితే లాభం కొంచెం పెరుగుతుంది, బాధ్యత కూడా పెరుగుతుంది. ప్రతి ప్యాకెట్ మీద పదార్థం పేరు, నికర బరువు, కలిసిన పదార్థాలు, మీ కొట్టు పేరు, ఊరు ఉండాలి. అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్య జాతి, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. మన పొడుల్లో, ఉండల్లో, పచ్చళ్ల నూనెలో నువ్వులు లేనిదెక్కడ? లేబుల్ మీద రాయకపోతే అది ఒకరి ప్రాణంతో ఆట.

కొన్నింటిని అరలో పెట్టనే కూడదు. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన మందుబిళ్లలు, స్టెరాయిడ్ క్రీములు. సీసం ఉందని ఎఫ్‌డీఏ హెచ్చరించిన రకం సింధూరాలు. పూజకు మాత్రమే అని రాసిన పసుపును వంట పసుపు పక్కన పెట్టొద్దు, వేరే వరుసలో పెట్టండి. తెలిసినవాళ్లు ఇంట్లో పట్టిన ఆవకాయ తెచ్చి అమ్మిపెట్టమంటే మొహమాటపడకండి. టెక్సస్ ఇంటి ఆహార చట్టం ప్రకారం ఆ పచ్చడికి లేబుల్, ఆమ్లత్వం, అమ్మకం తీరు సరిపోతున్నాయని రుజువు చూపాకే తీసుకోండి.

కూరగాయలు

వారంవారం గిరాకీని తెచ్చేవి ఇవే. నష్టం వచ్చేదీ ఇక్కడే. లెక్క చూడండి. 15 పౌండ్ల బెండకాయ పెట్టె 24 డాలర్లకు వచ్చిందనుకుందాం. పౌండు 2.49కి మొత్తం అమ్మితే 37.35 వస్తుంది, మిగిలేది 13.35. మూడు పౌండ్లు ముదిరి పారేస్తే మిగులు 5.88. అయిదు పౌండ్లు పోతే 90 సెంట్లు. అంటే మూడో వంతు పోయేసరికి ఆ పెట్టె మోసిన కూలి కూడా దక్కదు. ధర పెంచడం కన్నా పారేసేది తగ్గించడం మేలు.

గిరాకీ శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా. కూరగాయలు గురువారం దిగాలి, చిన్న లోడు సోమ లేదా మంగళవారం. మొదటి ఎనిమిది వారాలు ఒక నోటు పుస్తకంలో రాయండి: ఏ కాయ ఎన్ని పెట్టెలు వచ్చింది, ఆదివారం రాత్రి ఎంత మిగిలింది, ఎంత పారేశారు. ఆ పుస్తకమే మీ ఆర్డర్ రాస్తుంది. సరుకు దిగగానే డ్రైవర్ ఎదుటే ప్రతి పెట్టె అడుగున చేయి పెట్టి చూడండి. పైవరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది. బెండకాయ కొన విరిచి చూడాలి, దొండకాయ కోసి చూడాలి, లోపల ఎర్రబడితే తిప్పి పంపండి. బాగాలేనిదాన్ని ఫొటో తీసి అదే రోజు క్రెడిట్ అడగండి, మర్నాడు అడిగితే ఇవ్వరు.

గోంగూర కట్టలకు నీళ్లు చల్లి ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే రెండు రోజుల్లో జిగురు పడుతుంది. తడి ఆర్చి, రంధ్రాలున్న సంచిలో నిలబెట్టండి.

కరివేపాకు విషయంలో గట్టిగా ఉండండి. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేప మొక్క మీద బతుకుతుంది. అందుకే ఇండియా నుంచి పచ్చి ఆకు తేవడం నిషేధం, ఇక్కడా ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తరలించడం మీద ఆంక్షలు ఉన్నాయి. ఎవరి పెరట్లోదో తెచ్చి అమ్మొద్దు. బిల్లు ఇచ్చే కూరగాయల సప్లయర్ దగ్గరే కొనండి.

ఇండియా మామిడి 2007 నుంచి రేడియేషన్ శుద్ధి చేసి విమానంలో వస్తోంది. బంగినపల్లి పేరు చెబితే ఎగబడతారు, కానీ పెట్టె ఖరీదు, ఆయుష్షు కొద్ది రోజులే. డబ్బు ముందే తీసుకుని ఆర్డర్ ఉన్నన్ని పెట్టెలే తెప్పించండి. పైన రెండు మూడు పెట్టెలు చాలు.

పనివాళ్లు

యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలు పని అడుగుతూ వస్తారు, నగదు ఇస్తే చాలంటారు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని కుదరదు. పట్టుబడితే మీకు జరిమానా, వాళ్లకు చదువే పోతుంది. వాళ్ల తల్లిదండ్రులు అప్పుచేసి పంపి ఉంటారు. కష్టంగా ఉన్నా కాదనండి. ఎవరిని పెట్టుకున్నా పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు ఐ-9, అంటే పని అనుమతి ఉందని సరిచూసే ఫారం, పూర్తిచేయాలి. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కనీస వేతనం 7.25 డాలర్లు, కానీ ఆ ధరకు డాలస్‌లో నిలకడగా ఎవరూ ఉండరు.

నెలకు ఎంత అమ్మాలి

అద్దె 6,500. కరెంటు 1,300 అనుకోండి. గంటకు 12 డాలర్ల చొప్పున ఇద్దరు, వారానికి 40 గంటలు, యజమాని వాటా పన్నుతో సుమారు 4,475. బీమా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, చెత్త, పురుగుమందు కలిపి 1,200. మొత్తం 13,475. అమ్మకం మీద పారేసినవి పోగా 27 శాతం మిగిలి, అందులో రెండున్నర కార్డు కంపెనీలకు పోతే చేతికొచ్చేది 24.5 శాతం. నెలకు 55,000 డాలర్లు అమ్మితే ఖర్చు తీరుతుంది. రోజుకు సుమారు 1,830. సగటు బిల్లు 45 అయితే రోజుకు 41 బిల్లులు. ఇందులో మీ జీతం లేదు. మీ అంకెలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకుని తలుపు తీయండి. అరువు ఖాతా మొదలుపెట్టొద్దు, తెలిసినవాళ్ల దగ్గర అడగలేరు.

బీమాలో చెడిపోయిన సరుకుకు కవరేజీ విడిగా అడగాలి. బయట గ్రిడ్ పోయినప్పుడు కూడా వర్తిస్తుందా అని పాలసీలో చూడండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది. కొట్టు లోపలి లోపానికే వర్తించే పాలసీ అలాంటి రోజున అక్కరకు రాదు. ఫ్రీజర్లకు ఫోన్‌కు హెచ్చరిక పంపే థర్మామీటర్లు పెట్టండి, ఖరీదు తక్కువ.

తలుపు తీసే రోజు, ఆ తర్వాతి పండుగలు

గ్రాండ్ ఓపెనింగ్ పండుగ వారంలో పెట్టొద్దు. బిల్లింగ్ తప్పులు, ధర లేని ప్యాకెట్లు, తక్కెడ ఇబ్బందులు మొదటి రెండు వారాల్లో బయటపడతాయి. మామూలు మంగళవారం నిశ్శబ్దంగా తెరిచి, మూడో వారంలో ప్రకటించండి.

పండుగ సరుకు ఆర్డర్‌కు ఇండియా క్యాలెండర్ చూడకండి. తిథి స్థానిక సూర్యోదయాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొన్ని పండుగలు టెక్సస్‌లో ఒకరోజు ముందు వస్తాయి. మీ ఊరి గుడి వేసే పంచాంగం తెచ్చి గల్లా వెనక అతికించండి. వరలక్ష్మీ వ్రతానికి తమలపాకులు, కొబ్బరికాయలు, పూలు ముందురోజు పొద్దున దిగాలి. ఉగాదికి పచ్చిమామిడి, వేపపూత, కొత్తబెల్లం పదిరోజుల ముందే చెప్పి ఉంచాలి. వినాయకచవితి మట్టి విగ్రహాలు రెండు నెలల ముందు ఆర్డర్ చేస్తేనే వస్తాయి. పత్రి మాత్రం ముందురోజుది ఉండాలి. విగ్రహాలు నిరుటివి మిగిలినా అమ్ముకోవచ్చు, పత్రి పండుగ సాయంత్రానికి చెత్తే. అందుకని పత్రి కట్టలకు పేరు, ఫోన్ నంబర్ రాయించుకుని, రాసినవాటికి పదో వంతు మాత్రం ఎక్కువ తెప్పించండి.